రాతిమీద లేని పేరు

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు చేరువను మాధవరమను గ్రామము కలదు. మన గుంటూరు, ప్రకాశము జిల్లాల బిడ్డలు పత్తిచేలకును మిరపతోటలకును పోయినట్లు, ఆ యూరి బిడ్డలు తరతరములుగా సైన్యమునకు పోవుచున్నారు. అందుచేత దానిని మిలిటరీ మాధవరమందురు. మొదటి ప్రపంచయుద్ధమునకు 90 మందియు, రెండవదానికి 1,110 మందియు అచటినుండి వెడలిరని గ్రామస్థులు చెప్పుదురు. మృతవీరులకు ఊరిలో స్మారకము కలదు.

ఊరు తన బిడ్డలను మరువలేదు. వారిని యుద్ధమునకు పంపిన ప్రభుత్వము మాట యేమి?

1914లో యుద్ధము మొదలుకాగా భారతసైనికులు ఫ్రాన్సునకును, తూర్పు ఆఫ్రికాకును, మెసపొటేమియాకును ఓడలెక్కిరి. మెసపొటేమియా యనగా నేటి ఇరాకు. తమిళులతోపాటు తెలుగువారును చేరు మద్రాసు సాపర్ల దళములు అచట పనిచేసినవి. సాపర్లనగా వంతెనలు కట్టి, బాటలు వేసి, సేనకు దారి చేయువారు. టైగ్రిస్ నదీతీరమున ఎండయు, బురదయు, విషజ్వరములును శత్రువు గుండ్లకు తీసిపోలేదు. పొలిమేర దాటి యెరుగని యిరువదేండ్ల కుర్రవాడు అచట కన్నుమూసినచో, ఇంటికి వార్త రావలసినదే కాని దేహము రాదు.

ఆ రంగమున మరణించిన 40,000 మందికి పైగా సైనికులకు 1929లో బస్రాలో స్మారకము నెలకొల్పిరి. బ్రిటిషువారిలో సామాన్య సిపాయి పేరును సైతము రాతిపై చెక్కిరి. భారతీయులలో అధికారుల పేర్లు మాత్రము చెక్కి, తక్కినవారిని పటాలము పేరు క్రింద ఇంతమంది యని లెక్కగా వ్రాసిరి. నేను చిరకాలము బడిలో హాజరుపట్టీ చదివినవాడను. “నేడు 40 మంది వచ్చిరి” అని వ్రాసి ఊరకుండిన ఉపాధ్యాయుని ఎవరు మెత్తురు? పలుకని పిల్లవాని పేరు రెండవమారు పిలుతుము గదా! చోటు చాలలేదనుటకు వీలులేదు. ఫ్రాన్సులో న్యూవ్ షాపెల్ వద్ద 1927లో వెలసిన స్మారకముపై 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కియే యున్నవి.

2021లో కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంస్థ తన తప్పును ఒప్పుకొనెను. ఆసియా, ఆఫ్రికాల మృతులలో 45,000 నుండి 54,000 మందికి తక్కినవారితో సమానమైన స్మరణ జరుగలేదని ప్రకటించి, క్షమాపణ చెప్పెను. అప్పటికి నూరేండ్లు గడచినవి.

నా మనస్సును కలచునది వేరొకటి కలదు. మృతుల ఇండ్లకు ప్రభుత్వము సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పుగల కంచుబిళ్ళను పంపెను. అట్టివి 13 లక్షలకు పైగా పోతపోసిరి. దానిపై మృతుని పేరు ఉబ్బెత్తు అక్షరములతో నుండును, హోదా యుండదు. సేనానియైనను సిపాయియైనను త్యాగమున సమానులని, హోదాను బుద్ధిపూర్వకముగనే విడిచిరి. బస్రా గోడమీద లేని పేరు ఈ బిళ్ళమీద నుండెను. స్వేచ్ఛకొరకు మరణించెనని దాని యంచున వ్రాసిరి. ఆనాటికి మన దేశమునకే స్వేచ్ఛ లేదు. అక్షరములన్నియు ఇంగ్లీషువి. ఆ చదువెరుగని తల్లి బిళ్ళను వ్రేళ్ళతో తడవుచు, ఇందు నా కొడుకు పేరెక్కడ నున్నది నాయనా యని ఊరిలో చదువుకొన్నవారి నడుగవలసినదే.