హైదరాబాదు నుండి జెద్దా: దూరము, కాలము

పాలమూరు, నల్లగొండ జిల్లాల నుండి జీవనోపాధికై అరబ్బు దేశాలకు, హజ్ యాత్రకై మక్కాకు వెళ్ళేవారికి జెద్దా విమానాశ్రయం సుపరిచితమే. అయినా జెద్దా ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లలో చెప్పేవారు తక్కువ. గంటలలో చెప్పేవారిలో పొరబడేవారు ఎక్కువ. ఈ పొరపాటు మా వీధిలో ఎంత పని చేయబోయినదో ముందుగా మనవి చేస్తాను.

ఒక పెద్దాయన సాయంకాలం కన్నుమూశారు. కుమారుడు జెద్దాలో ఉన్నాడు. “రాత్రి 11 గంటలకు విమానం. ఐదుంబావు గంటల ప్రయాణం. నేను వచ్చేదాకా ఆపండి” అని ఫోనులో వేడుకున్నాడు. పెద్దలు వేళ్ళమీద లెక్క వేశారు: తెల్లవారుజామున 4.15కు శంషాబాదు, అక్కడి నుండి షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా రెండు గంటలు. కనుక ఉదయం 7 గంటలకు జనాజా. ఇంటర్మీడియట్ చదివే మనుమడికి సందేహం కలిగి టిక్కెట్టు నకలు తెప్పించి చూశాడు. హైదరాబాదు చేరే వేళ 6.45 అని ఉన్నది! జనాజాను జుహర్ నమాజు తరువాతకు మార్చారు. కుమారుడు తండ్రి ముఖం చూడగలిగాడు. పెద్దలు మరచినది రెండున్నర గంటలు మాత్రమే.

ఇక దూరం సంగతి. 2008 మార్చిలో బేగంపేటకు బదులుగా ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయం సుమారు 17.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది, జెద్దా 21.7, 39.2 డిగ్రీల వద్ద. గోళంపై రెండు బిందువుల నడుమ అతి దగ్గరి దారి మహావృత్తపు చాపం. రెండు అక్షాంశాల కొసైన్‌ల లబ్ధాన్ని రేఖాంశ భేదపు కొసైన్‌తో గుణించి, దానికి అక్షాంశాల సైన్‌ల లబ్ధాన్ని కలిపితే ఆ చాపకోణపు కొసైన్ లభిస్తుంది. ఇక్కడ అది 0.797, కోణం 37.15 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కిలోమీటర్ల వంతున దూరం సుమారు 4,130 కిలోమీటర్లు. త్రికోణమితి ఎందుకు పనికివస్తుందని విసుగుకునే విద్యార్థులు ఈ లెక్కను ఒకసారి స్వయంగా చేసి చూడాలి.

గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతే ఇది ఐదు గంటల లోపే. కాని విమానం పైకెక్కడానికి, దిగడానికి, నేలమీద నడవడానికి కాలం పడుతుంది. నిర్ణీత వాయుమార్గాలు కొంత వంకర తిరుగుతాయి. పైగా శీతాకాలంలో ఎత్తున పడమటి గాలులు బలంగా వీస్తాయి. అందుచేత పోయేటప్పటి కంటె వచ్చేటప్పుడు ప్రయాణం త్వరగా ముగుస్తుంది.

గడియారపు భేదానికి కారణం వేరు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మన కాలమానం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని, సౌదీ కాలమానం 45 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తాయి. భేదం 37.5 డిగ్రీలు, అనగా 150 నిమిషాలు. సూర్యుని లెక్కలో మాత్రం రెండు ఊళ్ళ భేదం 39.2 డిగ్రీలు, 2 గంటల 37 నిమిషాలు. రంజాన్‌లో మధ్యాహ్నం హైదరాబాదులో విమానమెక్కిన ఉపవాసికి ఇది బాగా తెలుస్తుంది. చేతి గడియారం ఇంటివద్ద ఇఫ్తార్ వేళ అయినదని చూపుతుంది; కిటికీలో సూర్యుడు ఇంకా కనబడుతూనే ఉంటాడు.

టిక్కెట్టుపై బయలుదేరే వేళ ఆ ఊరిది, చేరే వేళ ఈ ఊరిది. దుబాయి నుండి వచ్చేవారికైతే 45కు బదులు 60 డిగ్రీలు తీసుకోవాలి. అప్పుడు భేదం గంటన్నర.