అల్లిన గంటలు రాసుకుందాం

చింతలపూడి వైపు మామిడికి ఎంత పేరో, నరసాపురం వైపు లేసుకు అంత పేరు. చిన్న కొక్కెం సూది, నూలు దారం ఉంటే చాలు. ఆడవాళ్ళు ఇంట్లోనే అల్లుతారు. లేసులు విదేశాలకు పోతాయి.

లావు దారమైతే అల్లిక త్వరగా తెములుతుంది. సన్న దారమైతే చాలా పొద్దు పడుతుంది.

మరి కూలి? జర్మనీకి చెందిన మరియా మీస్ 1982లో ఈ అల్లిక పని మీద పుస్తకం రాసింది. రోజుకు ఆరేడు గంటలు అల్లినా రూపాయి కూడా వచ్చేది కాదని తేల్చింది. తీరిక వేళ చేసే పనే కదా అనేవారు. అందుకే కూలి పెరగలేదు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరొచ్చింది. కూలి కూడా రావాలి.

తీసుకున్న దారం, అల్లిన గంటలు, వచ్చిన డబ్బు నోటుబుక్కులో రాసుకోవాలి. లెక్క ఉంటే గట్టిగా అడగొచ్చు.

ఆలోచించండి: మీరు ఇంటి దగ్గర చేసే పనికి గంటకు ఎంత వస్తోంది?