సొల్ఫెరినో మర్నాడు

చిట్టితల్లీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. మెయిన్స్ కోసం నీ గదిలో గోడనిండా కాగితాలు అంటించావటగా. ఆస్టర్లిట్జ్ 1805, వాటర్లూ 1815, సెడాన్ 1870... రాత్రి రెండింటిదాకా అవే వల్లె వేస్తూ అన్నం కూడా సరిగా తినడం లేదట. ముందు వేళకి తిను. కోప్పడుతున్నాననుకోకు తల్లీ, మీ అమ్మ గొంతులో బెంగ విన్నాక ఉండబట్టలేక రాస్తున్నాను.

తేదీలు వద్దనను. తేదీ రానివాడికి చరిత్ర రాదు. కానీ చిన్నప్పుడు నువ్వు యుద్ధం కథని గెలుపోటముల దగ్గర ఆపనిచ్చేదానివి కాదు. బొబ్బిలి కథలో బుస్సీ ఫిరంగులు పేలాయి, కోట కూలింది అని నేను ముగించబోతే, "మరి దెబ్బలు తగిలినవాళ్ళని ఎవరు చూశారు పెద్దమ్మా?" అని నిలదీశావు. ఆ ప్రశ్న ఎక్కడ పోగొట్టుకున్నావే? నీ కాగితాల్లో ఉన్న పేర్లన్నీ మీ అమ్మ చదివి వినిపించింది. సొల్ఫెరినో లేదు. అది లేకపోతే ఎలా?

పరీక్షకి కావలసింది ముందు చెప్పేస్తాను. ఉత్తర ఇటలీ నుంచి ఆస్ట్రియాని వెళ్ళగొట్టాలని సార్డీనియా ప్రధాని కవూర్ పట్టుదల. 1858లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌తో రహస్యంగా మాట్లాడుకున్నాడు. మరుసటి ఏడాది జూన్ 24న గార్డా సరస్సుకి దక్షిణాన సొల్ఫెరినో గుట్టల మధ్య ఇరువైపులా కలిపి దాదాపు 3 లక్షల మంది తలపడ్డారు. మూడో నెపోలియన్, సార్డీనియా రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్, 28 ఏళ్ళ ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్, ముగ్గురూ స్వయంగా అక్కడే ఉన్నారు. ఆస్ట్రియా ఓడింది. లొంబార్డీ చేజారింది. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిపి సుమారు 40 వేలు.

గైడు పుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. నువ్వు మాత్రం పక్కనే ఉన్న కాస్టిగ్లియోనే ఊళ్ళోకి వెళ్ళు. గాయపడ్డవాళ్ళని బళ్ళమీద, కంచరగాడిదల మీద వేలకొద్దీ తెచ్చి అక్కడ దింపారు. చర్చీలు నిండాయి, ఇళ్ళు నిండాయి, చివరికి వీధుల్లో గడ్డి పరిచి పడుకోబెట్టారు. జూన్ ఎండ, పుండ్లమీద ఈగలు, దాహం. డాక్టర్లు ఏ మూలకీ చాలలేదు. జెనీవా నుంచి హెన్రీ డ్యునాంట్ అనే 31 ఏళ్ళ వ్యాపారి సరిగ్గా అప్పుడే ఆ ఊరికి వచ్చాడు. వచ్చింది సేవకి కాదు. అల్జీరియాలో తన వ్యాపారానికి అనుమతులు అడుగుదామని మూడో నెపోలియన్‌ని వెతుక్కుంటూ వచ్చాడు. తెల్లబట్టలు వేసుకున్న ఆ మనిషి వచ్చిన పని పక్కన పెట్టేశాడు. పెద్ద చర్చిలో ఊరి ఆడవాళ్ళని కూడగట్టి గాయాలు కడిగించాడు, పిల్లల చేత ఊటబావుల నుంచి నీళ్ళు మోయించాడు. బండివాణ్ణి బ్రెషియా పంపి చొక్కాలు, నిమ్మకాయలు, పంచదార, కట్టుగుడ్డలు, పొగాకు తెప్పించాడు. చావుబతుకుల్లో ఉన్నవాడికి ఒక చుట్ట ముట్టించి ఇవ్వడం కూడా వైద్యమేనని అతనికి తట్టింది చూడు, నాకు అక్కడే కళ్ళు చెమరుస్తాయి. ఆ ఆడవాళ్ళు ఫ్రెంచివాడా ఆస్ట్రియావాడా అని అడగలేదు. అందరూ అన్నదమ్ములే అనుకుంటూ చాకిరీ చేశారు.

1862లో అతను ఆ రోజులన్నీ పుస్తకంగా రాశాడు. శాంతికాలంలోనే ప్రతి దేశంలోనూ స్వచ్ఛంద సేవకులని తయారుచేసి ఉంచలేమా అని అందులో అడిగాడు. మరుసటి ఏడాది జెనీవాలో అయిదుగురితో ఒక కమిటీ ఏర్పడింది. అదే రెడ్‌క్రాస్‌కి మొదలు. 1864 ఆగస్టు 22న 12 దేశాలు మొదటి జెనీవా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. గాయపడి పడిపోయిన సైనికుడు ఏ పక్షంవాడైనా చికిత్స చెయ్యాలన్నది అంతర్జాతీయ చట్టమైంది.

డ్యునాంట్ మాత్రం 1867లో దివాలా తీశాడు. జెనీవా వదిలి వెళ్ళినవాడు మళ్ళీ తిరిగి రాలేదు. లోకం మరిచిపోయాక, ముసలితనంలో హైడెన్ అనే కొండ ఊళ్ళో ఆసుపత్రి గదిలో ఉండగా, 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిలో సగం అతనికి వచ్చింది. సొల్ఫెరినోలో గెలిచిన మూడో నెపోలియన్ సెడాన్‌లో పట్టుబడి, సింహాసనం పోగొట్టుకుని ఇంగ్లండులో చనిపోయాడు. నీ గోడమీద సెడాన్ ఉంది కనుక ఈ రెండూ కలుపుకో.

అందుకే చెబుతున్నాను, ఏ యుద్ధం చదివినా ఎందుకు మొదలైంది, ఎవరు గెలిచారు అన్నదానితో సరిపెట్టుకోకు. మర్నాడు పొద్దున అక్కడ ఏం జరిగిందో కూడా వెతుకు. రేపు నువ్వు కలెక్టరువి అయితే నీ ముందుకి వచ్చేవి వరదలు, తుపానులు, రైలు ప్రమాదాలు. అక్కడ నువ్వు చెయ్యాల్సింది కాస్టిగ్లియోనే ఆడవాళ్ళు చేసిన పనే. కాకపోయినా ఫర్వాలేదమ్మా, మాకు నువ్వు ఉంటే చాలు.

ఈ ఆదివారం ఆ కాగితాల జోలికి పోకు. డ్యునాంట్ పుస్తకం ఇంగ్లీషులో దొరుకుతుంది, చిన్నదే, ఒక్క పూటలో అయిపోతుంది. చదివి నాకు ఉత్తరం రాయి. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి తప్పించుకుంటే ఒప్పుకోను.

మీ పెద్దమ్మ