పాల శీతలీకరణ – కరెంటు లెక్క

సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యులు గమనించవలసిన విషయం.

రామగుండం, గోదావరిఖని ప్రాంతం వారికి కరెంటు వెనుక బొగ్గు ఉన్నదని వేరుగా చెప్పనక్కరలేదు. ఎన్.టి.పి.సి. వారి రామగుండం జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం 2022లో పూర్తి అయినది. దానివల్ల ఏటా సుమారు 1,65,000 టన్నుల బొగ్గు ఆదా కాగలదని అంచనా. కరెంటు తయారుచేసేవారే ఇంత లెక్క చూస్తుండగా, వాడుకునే సంఘాలు మీటరు వంక చూడకపోవడం తగదు.

అంకెల యంత్రాల మేలు కాదనలేము. గెర్బరు పరీక్షకు నమూనా ఒక్కింటికి 10 మిల్లీలీటర్ల గంధకామ్లం కావలెను. పూటకు నూరు నమూనాలైతే రోజుకు 2 లీటర్లు! అది చివరకు చేరేది మన ఊరి కాలువలోకే. అల్ట్రాసోనిక్ యంత్రానికి ఆమ్లం అక్కరలేదు. అయినా గెర్బరు గొట్టాలను అటకెక్కించరాదు. యంత్రం చూపే వెన్న శాతాన్ని వాటితో అప్పుడప్పుడు సరిచూడనిచో ఉత్పత్తిదారునికో సంఘానికో నష్టం తప్పదు.

ఇక బల్క్ కూలరు. నెలసరి బిల్లు చూసి లాభం లేదు. నూరు లీటర్లకు ఎన్ని యూనిట్లు పడినవో చూడవలెను. లెక్క కొరకు ఒక ఉదాహరణ: ఒక నెల 30,000 లీటర్లకు 600 యూనిట్లు, అనగా నూటికి 2. మరుసటి నెల 27,000 లీటర్లకు 675, అనగా నూటికి 2.5. బిల్లులో పెరిగినది 75 యూనిట్లే గాని, లీటరుపై ఖర్చు పావువంతు పెరిగినది. ఆ మేరకు బోనసు తగ్గును. ఎండాకాలం కొంత పెరుగుట సహజం గనుక, పోయిన ఏడు అదే నెలతో పోల్చవలెను.

మన ప్రాంతంలో మొదట అనుమానించవలసినది బొగ్గు దుమ్ము. కండెన్సరు రేకుల మధ్య అది పేరుకొన్నచో వేడి బయటికి పోదు, కంప్రెసరు ఎక్కువసేపు తిరుగును. మెయిన్ స్విచ్ ఆపి, మెత్తని బ్రష్‌తో రేకుల వాలునబడి దులిపిన చాలును. అప్పటికీ అంకె దిగనిచో గ్యాసు, థర్మోస్టాట్ చూపించవలెను.

కొందరు పొదుపు పేరిట 4 డిగ్రీలకు బదులు 8 డిగ్రీల వద్దనే కూలరు ఆపుతారు. ఇది పొదుపు కాదు. ట్యాంకు పాలు విరిగినచో కరెంటుతోపాటు బర్రె తిన్న మేత, దాణా కూడా నేలపాలే.

పాల రిజిష్టరులో "నూరు లీటర్లకు యూనిట్లు" అని ఒక గడి గీసి, ప్రతి నెల 1వ తేదీ ఉదయం మీటరు చూసి నింపవలెను.