ముందు కాగితం, తర్వాత ఇంకు, చివరగా స్టాంపు

రబ్బరు స్టాంపులతో గ్రీటింగ్ కార్డులు చేసుకోవడం గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం రేణిగుంట, ఆ చుట్టుపక్కల ఊళ్లవే. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరానికే జవాబిచ్చాం.

స: ఆన్‌లైన్‌లో ఒక స్టాంపింగ్ కిట్ చూశాను మేడం. ముప్పై ఆరు స్టాంపులు, పన్నెండు రంగుల ప్యాడ్లు, మెరుపు పొడి, అన్నీ ఒకే పెట్టెలో ఉన్నాయి. వచ్చే ఉగాదికి చుట్టాలకి నా చేత్తో చేసిన కార్డులు పంపాలని ఆశ. రెండు వేల దాకా పెట్టగలను. కొనమంటారా? – గృహిణి, రేణిగుంట

జ: వద్దమ్మా. ఆ ముప్పై ఆరింటిలో మంచు బొమ్మలు, క్రిస్మస్ చెట్లు, ఇంగ్లిషు శుభాకాంక్షలు తీసేస్తే ఉగాదికి పనికొచ్చేవి ఎన్ని మిగులుతాయో లెక్కపెట్టి చూడండి. అగ్గిపెట్టెంత ప్యాడ్లు మన ఎండలకి ఒక్క వేసవి నిలవడమే కష్టం. రెండు వేలలో సగం కూడా ఖర్చుపెట్టకుండా మొదలుపెట్టవచ్చు. అందులో ఎక్కువ భాగం కాగితానికీ ఇంకుకీ పోవాలి.

అన్నిటికంటే ముందు కవర్లు కొనండి. మీ ఊళ్లో ఏ కొలత కవరు దొరుకుతుందో చూసుకుని దానికి తగ్గట్టు కార్డు కత్తిరించుకోవాలి. కార్డు చేసేశాక కవరు కోసం తిరుపతి బజారంతా గాలించడం దండగ. మామూలుగా ఏ4 కాగితాన్ని రెండుగా కోసి, ఒక్కో సగాన్ని మడిస్తే 105 బై 148 మిల్లీమీటర్ల కార్డు వస్తుంది. అంటే షీటుకి రెండు కార్డులు, వృథా ఏమీ ఉండదు.

కార్డుకి 250 నుంచి 300 జీఎస్ఎం ఉండే ఐవరీ కార్డు షీటు అడగండి. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. జిరాక్సు కాగితం 70, 75 ఉంటుంది. పిల్లల ప్రాజెక్టులకి వాడే చార్టు పల్చన, నిలబెడితే కార్డు వంగిపోతుంది. డ్రాయింగ్ షీటు గరుకు కాబట్టి గీతలు తెగితెగి పడతాయి. పెళ్లిపత్రికల్లా నిగనిగలాడే ఆర్ట్ కార్డు మీద మామూలు ఇంకు ఆరదు, వేలు తగిలితే చెరిగిపోతుంది. కాబట్టి వేలితో రాసి చూసినప్పుడు నున్నగా ఉండి, అద్దంలా మెరవనిది తీసుకోండి.

మడత పెట్టే చోట స్కేలు ఆనించి, ఇంకైపోయిన బాల్ పెన్నుతో గట్టిగా ఒక గీత లాగి ఆ తర్వాత మడవండి. కాగితాన్ని కోయకముందే అటొకసారి, ఇటొకసారి మెల్లగా వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగుతుందో దాని పీచు ఆ వరసలో ఉందన్నమాట. మడత ఆ వరసలో వస్తే అంచు పగలదు.

ఇక ఇంకు. మొదట నలుపు ఒక్కటి చాలు. ఏ నలుపు అన్నది మీరు బొమ్మలో రంగు దేనితో నింపుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. రంగు పెన్సిళ్లతోనైతే ఏదైనా పర్వాలేదు. నీళ్ల రంగులతోనైతే ఆరాక తడికి కరగని ఇంకు కావాలి. డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అనో ఆర్కైవల్ అనో ఉంటుంది. ఆల్కహాల్ మార్కర్లు వాడే పనైతే మెమెంటో లాంటి డై ఇంకు మంచిది. స్టేజ్‌ఆన్ లాంటి సాల్వెంట్ ఇంకు గాజు మీదా ప్లాస్టిక్ మీదా కూడా పట్టుకుంటుంది గానీ మార్కరు తగలగానే పాకుతుంది. అనుమానం ఉంటే ఒక ముద్ర వేసి, పది నిమిషాలు ఆగి, తడి కుంచె మీద నుంచి లాగండి. ఇంకు జాతి అక్కడే తేలిపోతుంది.

స్టాంపులు రెండు చాలు. గీతలతో ఉన్న మామిడాకుల తోరణమో వేపపూత కొమ్మో ఒకటి, శుభాకాంక్షల అక్షరాలు ఒకటి. లోపలంతా నిండుగా ఉన్న బొమ్మ చూడ్డానికి బాగుంటుంది కానీ కొత్త చేతికి మచ్చలు మచ్చలుగా పడుతుంది.

ముద్ర నేరుగా కార్డు మీద వేయకుండా చిన్న ముక్క మీద వేసి అతికించండి. తప్పిపోతే ముక్క పోతుందే తప్ప కార్డు పోదు. అతికించడానికి డబుల్ సైడ్ టేపు వాడండి. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి కాబట్టి ఎక్కువ రాస్తే కాగితం ఉబ్బి అలలు తిరుగుతుంది. కట్టర్ బ్లేడు, స్టీలు స్కేలు ఉంటే ట్రిమ్మరు అక్కర్లేదు. డై కటింగ్ మిషన్, డిజైన్ పంచ్‌లు, మెరుపు పొడి జోలికి ఈ ఏడాది పోకండి. మెరుపు పొడి ఒకసారి ఇంట్లోకి వస్తే సంక్రాంతికి ఇల్లు దులిపినా పోదు.

స: రైల్వేలో చేసి రిటైరయ్యాను. ఆఫీసు రోజుల నాటి ఊదారంగు స్టాంపు ప్యాడు, ఇంకు సీసా ఇంట్లో ఉన్నాయి. మనవరాలి కోసం కార్డులు చేయడానికి అవి సరిపోవా? – రేణిగుంట

జ: ఆట మొదలుపెట్టడానికి బ్రహ్మాండంగా సరిపోతాయి సార్. మనవరాలికి పంపి, ఆమె దాచుకోవాలంటే మాత్రం చాలవు. ఆఫీసు ఇంకు ప్యాడులో ఎండిపోకూడదని తయారుచేసింది. అందులో గ్లైకాల్ వంటి ఆరని పదార్థం కలుపుతారు. ఫైలు కాగితం దాన్ని పీల్చేసుకుంటుంది కాబట్టి మీకు సర్వీసులో ఎప్పుడూ ఇబ్బంది వచ్చి ఉండదు. నున్నటి కార్డు అంతగా పీల్చుకోదు. ముద్ర అంచులు పాకుతాయి, నీటి చుక్క పడితే ఊదారంగు చెరువే. ఎండ తగిలే గోడకి పెడితే వెలిసిపోతుంది కూడా.

ప్యాడు గుడ్డ బాగున్నా సరే, పాత ఇంకు మీద కొత్త రకం పోయకండి. రెండూ పాడవుతాయి. నొక్కగానే తనంతట తానే ఇంకు అద్దుకునే స్టాంపులు కూడా ఈ పనికి కొనకండి. రంగు మార్చే వీలుండదు.

స: కార్డు మీద తెలుగు అక్షరాలే ఉండాలని నా పట్టుదల. ఆన్‌లైన్‌లో తెలుగు స్టాంపులు సరిగ్గా దొరకడం లేదు. రబ్బరు చెక్కడం నేర్చుకోవాలా? – డిగ్రీ విద్యార్థిని, కరకంబాడి

జ: చెక్కడం నేర్చుకుంటే మంచిదే, కానీ అక్షరాలతో మొదలుపెట్టకండి. ఆఫీసులకి, దుకాణాలకి స్టాంపులు చేసే అంగళ్లు తిరుపతిలో ఉంటాయి. మీక్కావలసిన మనిషి అక్కడే ఉన్నాడు. ‘ప్రొప్రయిటర్’ అని చేసేవాడు ‘ఉగాది శుభాకాంక్షలు’ అని చేయలేడా?

ఆయన పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది. 1844లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కాచి గట్టిపరచే పద్ధతికి అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు స్టాంపులు ఆ తర్వాతే సాధ్యమయ్యాయి. తొలినాటి స్టాంపులు కొన్నిటిని పళ్ల డాక్టర్లు కట్టుడు పళ్ల కోసం రబ్బరు కాచే కుండల్లోనే పోతపోశారు. ఇప్పుడు చాలాచోట్ల పద్ధతి మారింది. మీ డిజైన్‌ను ఫిలిం మీద నెగెటివ్‌గా తీసి, దాని మీద పాలిమర్ ద్రవం పోసి, అతినీలలోహిత కాంతి తగిలిస్తారు. కాంతి తగిలిన చోట గట్టిపడుతుంది, మిగతాది కడిగేస్తే పోతుంది. కొన్ని చోట్ల లేజర్‌తో రబ్బరును చెక్కుతారు. ఏదైనా మీకు పనికొస్తుంది. ఇంకు లోపలే నింపి ఇచ్చే ఫ్లాష్ స్టాంపు మాత్రం వద్దని ముందే చెప్పండి. పిడి కూడా వద్దనండి, వట్టి పాలిమర్ ముక్క ఇమ్మనండి. దాన్ని పారదర్శకమైన యాక్రిలిక్ దిమ్మకి పల్చటి డబుల్ సైడ్ టేపుతో అంటించుకుంటే ముద్ర ఎక్కడ పడుతుందో పైనుంచే కనిపిస్తుంది. అందువల్ల వంకర పడదు. ఒక దిమ్మ ఉంటే స్టాంపులు మార్చుకుంటూ వాడుకోవచ్చు.

అసలు జాగ్రత్త అక్షరాల దగ్గర. ఇంగ్లిషు అక్షరాలకి సరిపోయిన కొలత తెలుగుకి చాలదు. ‘శుభాకాంక్షలు’లో ‘క్ష’ లోపలి సందులు, ‘భ’ కింది గీత ఇంకుతో పూడుకుపోయి నల్లటి ముద్దగా పడతాయి. వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి రెండు వరసలు రాయించేటప్పుడు మధ్య ఖాళీ ఎక్కువ వదలమనండి. బాగా లావు ఫాంటూ వద్దు, వెంట్రుకంత సన్నదీ వద్దు. డిజైన్‌ను అసలు సైజులో ప్రింటు తీయించి చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి. సందులు విడిగా కనిపించకపోతే సైజు పెంచండి. డిజైన్ మామూలుగానే ఇవ్వండి, అద్దంలో ప్రతిబింబంలా తిప్పే పని అంగడివాళ్లదే. మీరే తిప్పి ఇచ్చారనుకోండి, వాళ్లు మళ్లీ తిప్పుతారు!

చెక్కే సరదా ఉంటే పెన్సిల్ చెరిపే పెద్ద రబ్బరు మీద ఆకులు, పువ్వులు, మామిడి పిందెలు మొదలుపెట్టండి. సన్న కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో గీసి, రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దితే బొమ్మ దానంతటదే తిరగబడి దిగుతుంది.

స: మాకు దగ్గర్లోనే శ్రీకాళహస్తి ఉంది. అక్కడి కలంకారీ అచ్చులు కొని కార్డుల మీద అద్దవచ్చా? వాళ్లు వాడే నల్ల రంగే తెచ్చుకుంటే ఇంకా సహజంగా ఉంటుంది కదా? – ఏర్పేడు

జ: శ్రీకాళహస్తిలో అచ్చులు వెతికితే దొరకడం కష్టం. అక్కడి కలంకారీ వెదురు కలంతో చేత్తో గీసేది. చెక్క అచ్చులతో అద్దేది కృష్ణా తీరంలోని పెడన, మచిలీపట్నం వైపు పద్ధతి. రెండిటికీ వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది. పెడన అచ్చులు టేకు చెక్కవి. గీతకి ఒక అచ్చు, లోపలి ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు ఉంటాయి. మీకు గీత అచ్చు ఒక్కటి చాలు. లోపల రంగు పెన్సిళ్లతో నింపుకోండి.

ఇది చేతిలోకి వచ్చాక ఒక సంగతి అర్థమవుతుంది. చెక్క గట్టిది, కార్డు గట్టిది, కింద బల్ల కూడా గట్టిదే. అందుకే రబ్బరు స్టాంపులా నొక్కితే సగం బొమ్మే పడుతుంది. బట్ట మీద అద్దేవాళ్లు బల్ల మీద మెత్త పరుచుకోవడం ఊరికే కాదు. మీరు కూడా నాలుగు మడతల దుప్పటి మీద కాగితం పెట్టండి. రంగును స్పాంజికి పట్టించి అచ్చుకి తట్టినట్టు అంటించి, కాగితం మీద ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ. పని కాగానే మెత్తటి బ్రష్షుతో కడిగి నీడన ఆరబెట్టండి. నీళ్లలో నానబెట్టారంటే చెక్క పగులుతుంది.

ఇక ఆ నల్ల రంగు. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో పులియబెట్టి చేస్తారది. బట్టను ముందే కరక్కాయ, పాలలో ముంచి ఉంచుతారు కాబట్టి కరక్కాయ వగరు, ఇనుము కలిసి నలుపు పుడుతుంది. వట్టి కార్డు మీద ఆ వగరు లేదు. మీకు నలుపు రాదు, తుప్పు రంగు మరక వస్తుంది. పైగా ఇనుము, పులుపు కలిసిన ద్రావణం కాలం గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. యూరప్‌లో ఇనుప సిరాతో రాసిన పాత పత్రాల్లో అక్షరాలున్న చోట చిల్లులు పడినవి ఎన్నో ఉన్నాయి. ఆ రంగును బట్టకే వదిలేయండి.

మీ పక్కనే మాధవమాల ఉంది. దేవతా విగ్రహాలు, తలుపులు చెక్కే చేతులకి పేరున్న ఊరు. ఒక చిన్న అచ్చు చెక్కిస్తే ఎలా ఉంటుందో అడిగి చూడండి. విగ్రహంలా ఎత్తుపల్లాలు ఉండకూడదని, ముద్ర వేసే భాగమంతా ఒకే మట్టంలో ఉండాలని, బొమ్మ తిరగేసి చెక్కాలని స్పష్టంగా చెప్పండి. పెడన నుంచి తెప్పించుకోవడం కన్నా నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

స: ఉబ్బెత్తు బంగారు అక్షరాల కోసం ఎంబాసింగ్ పొడి కొన్నాను. హెయిర్ డ్రయ్యర్ పెడితే పొడి ఎగిరిపోతోంది, కరగడం లేదు. – తిరుపతి

జ: కరగదు. డ్రయ్యర్‌లో గాలి ఎక్కువ, వేడి తక్కువ. హీట్ గన్‌లో దానికి తలకిందులు. కొనలేకపోతే కార్డును వేడి ఇస్త్రీ పెట్టె పైన కొంచెం ఎత్తులో, పొడి పైకి ఉండేట్టు పట్టకారుతో పట్టుకోండి. కింది నుంచి వేడి తగిలి కరుగుతుంది. పొడి చల్లే ముందు వేసే ముద్ర కూడా త్వరగా ఆరిపోయే ఇంకుతో వేయకూడదు. వెర్సామార్క్ లాంటి జిగురు ఇంకో పిగ్మెంట్ ఇంకో కావాలి. మొదటి నెలలోనే ఇదంతా ఎందుకు కొన్నారన్నది నా సందేహం.

స: మా పాప ఓణీల వేడుకకి నూట ఇరవై పత్రికలు స్టాంపులతో నేనే చేద్దామనుకుంటున్నా. కొన్ని పోస్టులో పంపాలి. ముందుగా ఏమేం చూసుకోవాలి? – పుత్తూరు

జ: పసుపు! పత్రిక నాలుగు మూలలా తడి పసుపు పెడతాం కదా, డై ఇంకు మీద ఆ తడి తగిలిందా, నలుపు, పసుపు కలిసి మూలలన్నీ మురికిగా తయారవుతాయి. తడికి కరగని ఇంకు వాడండి, లేదా మూలల్లో ముద్ర పడకుండా వేలెడు ఖాళీ వదలండి.

వేడుక వివరాలు, ముహూర్తం, చిరునామా ప్రింటు తీయించండి. స్టాంపు పని ముఖపత్రం వరకే ఉంచుకోండి. నూట ఇరవై సార్లు నాలుగు రకాల ముద్రలు వేయడానికి ఇంట్లో ఆడపడుచులు ఎంతమంది వచ్చినా సరిపోరు. ఒకే ప్యాకెట్ కాగితం చాలకపోతే రెండోదానిలో తెలుపు కొంచెం తేడా వస్తుంది, అందుకే ఒకేసారి నూట నలభైకి సరిపడా కొనేయండి.

పోస్టు సంగతి. పైన చెప్పిన కొలత కార్డు 300 జీఎస్ఎం కాగితంతో అయితే తొమ్మిది గ్రాములకి పైనే తూగుతుంది. కవరుతో కలిపి పదమూడు, పద్నాలుగు. దాని మీద మరో మందపు ముక్క అతికిస్తే పదిహేడు. ఇంకో పొర వేశారా, మామూలు ఉత్తరానికి మొదటి మెట్టు అయిన 20 గ్రాములు దాటడానికి సిద్ధమే. పూసలు, అద్దాలు అంటిస్తే తేదీ ముద్ర దెబ్బకి పగులుతాయి. అవి చేతికిచ్చే పత్రికలకే పెట్టండి. ఒకటి పూర్తిగా చేసి, పోస్టాఫీసులో తూకం వేయించి, ఆ తర్వాత మిగతావి మొదలుపెట్టండి.

స: మా బడి పిల్లలతో చేయించాలి. డబ్బు లేదు. – ఉపాధ్యాయుడు, గాజులమండ్యం

జ: బెండకాయ అడ్డంగా కోస్తే పువ్వు, ఉల్లిపాయ కోస్తే వలయాలు. పోస్టరు రంగులో నీళ్లు తక్కువ కలిపి స్పాంజి ముక్క మీద పోస్తే అదే ప్యాడు. కోసిన ముక్కను ముందు గుడ్డతో ఒత్తి తడి తీసేయండి. బ్లేడు మీ చేతిలోనే ఉండాలి.

స: నిరుడు కొన్న పారదర్శక స్టాంపులు పచ్చబడి జిడ్డుగా అంటుకుంటున్నాయి. ప్యాడ్లు ఎండిపోయాయి. నాసిరకం అంటగట్టారా? – రేణిగుంట

జ: కొంత రకం, కొంత మన కత్తిరి ఎండ. పాలిమర్‌కి ఎండ, వేడి పడవు. కిటికీ దగ్గర, పడమటి గోడ బీరువాలో పెట్టకండి. వాడాక తడి గుడ్డతో తుడిచి, వాటి ప్లాస్టిక్ షీటుకే అంటించి డబ్బాలో మూసిపెట్టండి. సాల్వెంట్ ఇంకు, దాన్ని తుడిచే ద్రవం వీటికి వాడకపోవడం మేలు. ఎర్ర రబ్బరు ఇంకొంచెం ఓర్చుకుంటుంది. పచ్చబడ్డవి పారేయకండి. రంగు మారినా ముద్ర బాగానే పడుతుంది. జిడ్డుకి గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. కొత్త స్టాంపు మీద ఇంకు చుక్కలు చుక్కలుగా విడిపోతుంటే పెన్సిల్ రబ్బరుతో పైపైన ఒకసారి రుద్దండి.

డై ఇంకు ప్యాడ్లను బోర్లించి పెడితే ఇంకు పైకి చేరి ఉంటుంది. ఎండిపోయినవాటికి అదే కంపెనీ రీఫిల్ సీసా దొరికితే నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. దొరకకపోతే ఆ ప్యాడు పనైపోయినట్టే. ఈసారి కొనేటప్పుడు రీఫిల్ అమ్మే రకమేనా అని ముందే అడగండి.