మన ఇంటి పంచాంగం

ఉగాది సాయంత్రం గుళ్లో పంచాంగ శ్రవణం జరుగుతుంది. సిద్ధాంతిగారు ఒక్కో రాశికీ ఆదాయం ఎంతో, వ్యయం ఎంతో, రాజపూజ్యం, అవమానం ఎంతెంతో చదివి వినిపిస్తారు. మన రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని వినపడితే మొహం చిన్నబోతుంది. ఆదాయం 14, వ్యయం 2 అయితే పక్కనున్నవాళ్ల వంక చూసి మురిసిపోతాం. ప్రసాదం తీసుకుని ఇంటికొచ్చేసరికి ఆ అంకెలు మరిచిపోతాం. మళ్లీ ఉగాది దాకా ఆదాయ వ్యయాల ఊసే ఉండదు.

మా ఇంట్లో మాత్రం ఆ రాత్రి భోజనాలయ్యాక రెండో పంచాంగం ఒకటి చదివేవాళ్లం. దాన్ని మొదలుపెట్టింది అమ్మ.

నాన్న రైస్ మిల్లులో గుమస్తా. ఊరందరి ధాన్యం లెక్కలూ గింజ తేడా రాకుండా రాసిన మనిషి, ఇంట్లో ఒక లెక్క దాచారు. అక్క పెళ్లికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. అమ్మ దిగులు పడుతుందని ఆమెకు చెప్పలేదు. శ్రావణ మాసంలో ఒకరోజు అప్పిచ్చినాయన వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ ఆయనకు మంచినీళ్లిచ్చి పంపింది. ఆయన వెళ్లాక నాన్నతో ఒక్కటే అంది: “ఏవండీ, అప్పు చేశారని నాకు బాధ లేదు. నాకు తెలిసుంటే వరలక్ష్మీ వ్రతానికి చీర అడిగేదాన్ని కాదు గదా!”

ఆ మర్నాడే ఇంట్లోకి ఒక నోటుపుస్తకం వచ్చింది. మా ఇంటికి వచ్చేది ఎంత, పోయేది ఎంత, ఇవ్వాల్సింది ఎంత అన్నది అమ్మ, నాన్న, మేము పిల్లలం అందరం కలిసి చూసే పుస్తకం అది. మా రెండో పంచాంగం అదే. నాన్న జీతం ఆ ఏడు పైసా పెరగలేదు. అయినా మూడో ఉగాదికి ఆ అప్పు తీరింది. డబ్బు తక్కువైతే ఇల్లు ఇబ్బంది పడుతుంది. లెక్క దాచుకుంటే మునుగుతుంది. నేను జీవితంలో నేర్చుకున్న పొదుపు పాఠం ఇదొక్కటే.

నెలకు మిగులు, ఏడాదికి లోటు

జీతం మీద బతికేవాళ్లం నెల లెక్కే వేసుకుంటాం. రైతుకు ఆ వీలు లేదు. పంట ఏడాదికి ఒకసారో రెండుసార్లో చేతికొస్తుంది, ఖర్చు మాత్రం రోజూ ఉంటుంది. అందుకే తిండికి ఎన్ని బస్తాలు, విత్తనానికి ఎన్ని, అమ్మకానికి ఎన్ని అన్నది నూర్పిళ్లప్పుడే తేల్చుకుని గాదెలు నింపేవారు. ఏడాది మొత్తాన్ని ఒక్క చూపులో చూడటం మన పెద్దలకు అలవాటు. నెల జీతాలొచ్చాక మనకు ఆ చూపు తప్పిపోయింది.

నెలకు 18 వేలు వచ్చే ఇల్లొకటి అనుకుందాం. అద్దె 4,500, బియ్యం, సరుకులు 5,000, పాలు, కూరగాయలు 3,000, గ్యాసు, కరెంటు, ఫోన్లు 1,500, రాకపోకలు 1,500. మొత్తం 15,500. నెలకు 2,500 మిగులుతున్నాయని ఆ ఇంటివాళ్లు ధీమాగా ఉంటారు. ఏడాదికి అది 30 వేలు.

ఇప్పుడు నెల లెక్కలో కనపడని ఖర్చులు చూడండి. జూన్‌లో పిల్లల ఫీజు, పుస్తకాలు, యూనిఫాం 18 వేలు. పండగలకూ బట్టలకూ 8 వేలు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ 5 వేలు. జ్వరాలకూ మందులకూ 6 వేలు. బండి ఇన్సూరెన్సు, రిపేర్లు 3 వేలు. మొత్తం 40 వేలు. నెలనెలా మిగులుతోందనుకున్న ఇంటికి ఏడాది తిరిగేసరికి 10 వేలు లోటు!

ఆ పదివేలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తే నెలకు 300, ఏడాదికి 3,600 వడ్డీ. అసలు అలాగే ఉంటుంది. మరుసటి ఏడు జూన్‌లో మళ్లీ పదివేలు కావాలి. చాలా ఇళ్లలో అప్పు మొదలయ్యేది దుబారాతో కాదు, ఇలా నెల లెక్కను నమ్ముకోవడంతో.

అదే లోటును ఉగాది నాడే చూడగలిగితే భయం సగం తగ్గుతుంది. పదివేలను 365 రోజులకు పంచితే రోజుకు 27 రూపాయలు. జూన్‌లో కొండలా కనపడే లోటు రోజు మీదకు దించితే మనిషి చెయ్యగల పనిగా మారుతుంది. ముందుచూపు అనే గుణాన్ని పుట్టుకతో వచ్చే తెలివి అనుకుంటాం. కాగితం మీద పన్నెండు గళ్లు గీసి, ఏ నెలలో ఏ ఖర్చు వస్తుందో రాసుకునే అలవాటే ముందుచూపు. అది ఎవరైనా నేర్చుకోవచ్చు.

లెక్క అందరి ముందూ

ఆ కాగితం ఒక్కరి జేబులో ఉంటే పనిచెయ్యదు. ఒకరు బిగపట్టి, ఇంకొకరు తెలియక ఖర్చుపెడుతుంటే ఇంట్లో తగవులు తప్ప పొదుపు ఉండదు. ఇంట్లో సంపాదించే మనిషి, వండి వడ్డించే మనిషి, చదువుకునే పిల్లలు, పింఛను మీద ఉన్న పెద్దవాళ్లు అందరూ ఆ కాగితం చుట్టూ కూర్చోవాలి.

పిల్లలకు ఇవన్నీ ఎందుకని కొందరంటారు. మా పుస్తకం మొదలైన ఏడు దసరాకు నాన్న నన్ను పిలిచి, “కొత్త బట్టలు కావాలా, నీ సైకిలుకు టైర్లు వేయించమంటావా? రెంటికీ డబ్బు లేదు” అన్నారు. నేను కాసేపు ఆలోచించి టైర్లే అన్నాను. అడక్కుండా బట్టలు మానేసి ఉంటే ఏడ్చి రాగాలు పెట్టేవాణ్ణి. అడిగారు కాబట్టి ఆ పండగంతా ఇంటి బరువు నేనూ ఒక చెయ్యి వేసి మోస్తున్నానన్న గర్వంతో తిరిగాను. పేదరికం పిల్లల్ని అంతగా కుంగదీయదు. ఇంట్లో ఏం జరుగుతోందో తెలియకపోవడమే వాళ్లను భయపెడుతుంది.

ఇలా కూర్చున్నప్పుడు రెండు నియమాలు పెట్టుకోండి. మొదటిది, పాత ఖర్చుల మీద నేరాలు మోపుకోకూడదు. “అప్పుడు నువ్వు ఆ చీర కొనకపోతే...”, “మీరు ఆ స్నేహితుడికి ఇవ్వకపోతే...” అన్న మాటలు మొదలైతే పుస్తకం మూసేయడం మేలు. ముందు రాబోయే పన్నెండు నెలల గురించే మాట్లాడాలి. రెండోది, ఎంత ఇరుకు బడ్జెట్ అయినా ఇంట్లో ప్రతి మనిషికీ లెక్క చెప్పనవసరంలేని చేతిఖర్చు కొంత ఉండాలి. అది నెలకు వంద రూపాయలే కావచ్చు. పైసా పైసాకూ జవాబు చెప్పాల్సి వస్తే మనిషి అబద్ధం నేర్చుకుంటాడు.

కాలానికి తగ్గ కొనుగోలు, ఇరుగుపొరుగు పంపకం

పొదుపు అంటే కొనడం మానెయ్యడమని అనుకుంటాం. ఎప్పుడు కొనాలో, ఎవరితో కలిసి కొనాలో తెలియడం అంతకంటే పెద్ద పొదుపు.

మాఘ ఫాల్గుణ మాసాల్లో కొత్త కందులొస్తాయి. వాటి వెనకే చింతపండు, ఎండుమిర్చి, పసుపు వస్తాయి. ఎండలు ముదిరాక ఆవకాయ కాయలు దిగుతాయి. కొత్త సరుకు దిగినప్పటి ధర వేరు, వానాకాలంలో కిలో కిలో తెచ్చుకునే ధర వేరు. అయితే ఇరుకు సంసారానికి ఒక చిక్కుంది: ఏడాది సరుకు ఒక్కసారి కొనడానికి చేతిలో డబ్బుండదు. మా వీధిలో దీనికి ఉపాయం చేశారు. నాలుగిళ్లవాళ్లు కలిసి ఒక బస్తా కందులు కొని, పప్పు పట్టించి, వాటాలు వేసుకునేవాళ్లు. కందులకు ఆముదం రాసి ఎండబెట్టడం, చింతపండు గింజ, ఈనె తీసి జాడీకెత్తడం, మిరపకాయల తొడిమలు తియ్యడం అందరూ కలిసే. ఇవాళ ఒకరి డాబా మీద వడియాలైతే రేపు ఇంకొకరి డాబా మీద. డబ్బు మిగిలింది. అంతకంటే విలువైనది ఇంకొకటి మిగిలింది: ఎవరింట్లో సరుకు నిండుకుందో మిగతా ముగ్గురికీ తెలిసేది. ఆ తెలియడమే చాలాసార్లు ఒక ఇంటిని పస్తు నుంచి కాపాడింది.

అపార్ట్‌మెంట్లలోనూ ఇది సాధ్యమే. పైతరగతి పిల్లాడి పుస్తకాలు కింది తరగతి పిల్లాడికి చేరవచ్చు. నిచ్చెన, డ్రిల్లింగ్ మిషను, పెద్ద గిన్నెలు ప్రతి ఇంట్లోనూ ఉండక్కర్లేదు. ఒకే దారిలో పోయే ఇద్దరు ఒక బండి మీద వెళ్లవచ్చు. అడగడానికి మొహమాటం ఒక్కటే అడ్డం.

పెళ్లిళ్లలో చదివింపులు రాసే పుస్తకం మనందరికీ తెలుసు. అది నిజానికి వడ్డీ లేని అప్పు. నా పిల్ల పెళ్లికి నువ్వు చదివించింది నీ పిల్ల పెళ్లికి నేను తిరిగి చదివిస్తాను. ఒక్క ఇల్లు మొయ్యలేని ఖర్చును ఊరంతా పంచుకునే ఏర్పాటు అది. గొప్పలకు పోయి ఎదుటివాళ్ల కంటే ఎక్కువ చదివించాలన్న పట్టుదల పెరిగాక అదే భారమైంది. “ఈ ఏడు మేం ఇంతే చదివించగలం” అని తలెత్తుకుని చెప్పగలగడం కూడా వ్యక్తిత్వమే. నిజమైన బంధువు ఆ మాటను గౌరవిస్తాడు.

రోజుకో రూపాయి

రోజుకు 27 రూపాయలు ఏపాటి అనుకునేవారు నెల్లూరు జిల్లా చరిత్ర ఒకసారి చూడాలి. అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రిబడులకు వెళ్లిన మహిళలు 1992లో సారా మీద తిరగబడ్డారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి మహిళలు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో నిలిచింది. ఆ ఊపులోనే అదే జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ పేరుతో మహిళలు రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా కనిపించే పొదుపు సంఘాలకు బలమిచ్చిన అడుగుల్లో అదొకటి.

లెక్క వేసి చూడండి. ఒక్క మనిషి రోజుకో రూపాయి దాస్తే ఏడాదికి 365. దాంతో పెద్ద పనేమీ కాదు. పదిహేనుమంది దాస్తే 5,475. ఒక బిడ్డకు జబ్బు చేసిన రాత్రి, అప్పిచ్చేవాడి గడప తొక్కకుండా ఆ డబ్బు ఒక తల్లిని కాపాడుతుంది. ఒంటరి రూపాయికి లేని బలం కలిసిన రూపాయికి వచ్చింది.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇదే పని గింజలతో చేశాయి. బీడు పడిన భూముల్ని సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్లో కొంత భాగాన్ని ఊరి గింజల నిధికి జమచేసి, తిండికి కటకటలాడే నెలల్లో పేద ఇళ్లకు చౌకగా ఇచ్చాయి. ఏ ఇంటికి ఎక్కువ అవసరమో ఊరివాళ్లే కూర్చుని నిర్ణయించారు.

పరస్పర సహాయం నిలవాలంటే దానికీ క్రమశిక్షణ కావాలి. చేబదులు వంద రూపాయలైనా రాసుకోండి. చెప్పిన రోజుకు ఇవ్వలేకపోతే ఆ రోజు రాకముందే వెళ్లి చెప్పండి. మొహం చాటేసిన రోజున డబ్బుతో పాటు మనిషీ పోతాడు. తిరిగి రాకపోతే మీ ఇల్లు తలకిందులయ్యేంత సొమ్ము ఎవరికీ ఇవ్వకండి, అంత అప్పుకు హామీ సంతకం పెట్టకండి. చీటీ కట్టేముందు అది రిజిస్టరు అయిందో లేదో చూసుకోండి.

ఎవరి కంచంలోంచి తగ్గింది?

ఖర్చు తగ్గించిన ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరి కంచంలోంచి తగ్గింది? చాలా ఇళ్లలో పొదుపంతా నోరు విప్పని మనిషి మీద పడుతుంది. అందరూ తిన్నాక మిగిలినదే అమ్మ తింటుంది. తాతయ్య బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటాడు. ఆడపిల్ల చదువు “ఈ ఏడాదికి” ఆగుతుంది, మళ్లీ మొదలవ్వదు. ఇది పొదుపు కాదు, అన్యాయం. పైగా అది తప్పుడు లెక్క కూడా. వేసుకోని మాత్ర రేపు ఆసుపత్రి ఖర్చవుతుంది. ఆగిన చదువు పదేళ్ల తరవాత రాని జీతమవుతుంది.

ముందు ఆడంబరం తగ్గించాలి, ఆ తరవాత సౌకర్యం. తిండి, మందులు, చదువు జోలికి పోకూడదు. తగ్గింపులో పెద్ద వాటా ఇంటి పెద్ద తీసుకోవాలి. మా నాన్న అప్పు తీరేదాకా సిగరెట్లు మానేశారు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. పుస్తకంలో సిగరెట్ల వరుసకు ఎదురుగా అమ్మే సున్నా చుట్టింది. ఆ సున్నా చూశాక మాలో ఎవరికీ ఏదీ అడగాలనిపించలేదు.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి. వాటిలో ఏ ఏడాదీ ఆదాయం గొప్పగా లేదు. కానీ ప్రతి ఉగాది పేజీ కిందా ఇంటిల్లిపాది సంతకాలున్నాయి, అప్పటికి అక్షరాలు కూడా రాని మా తమ్ముడి వేలిముద్రతో సహా.

మీరు కూడా ఒక పుస్తకం కొనండి. ఉగాది దాకా ఆగక్కర్లేదు, ఈ ఆదివారం రాత్రి భోజనాలయ్యాక చాలు. టీవీ ఆపి, అందరూ కూర్చుని, పన్నెండు నెలలూ రాయండి. దాచిన అప్పు ఏదైనా ఉంటే ఆ రాత్రే చెప్పెయ్యండి. చివర్లో ఇంట్లో అందరిచేతా సంతకం పెట్టించండి. సిద్ధాంతిగారు చదివే అంకెలను మనం మార్చలేం. ఈ పుస్తకంలో అంకెలు మాత్రం మన చేతుల్లోనే ఉన్నాయి.