మామగారి జావా

నాంపల్లిలో ఒక ఇల్లాలు. ఆమె మామగారిది జావా బండి. 1970లో మైసూరులో తయారైంది. దానికి కిక్కూ గేరూ ఒకటే కడ్డీ, అదో తమాషా!

కొడుకు దానికి నల్లరంగు వేయించాడు. సైలెన్సర్లు మార్చాడు. ఒకటే మోత.

తల్లి ఆర్.సి. కూడబలుక్కుని చదివింది.

"ఇందులో మెరూన్ రంగు అని ఉందిరా. బండి నలుపు కదా!"

ఆర్.సి.లో రాసినట్టే బండి ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టం అదే చెబుతుంది. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ బండిగా నమోదు చేయించవచ్చు. 2021లో ఈ నిబంధన వచ్చింది. కాని బండి అసలు రూపంలో ఉండాలి.

ఆదివారం ఇద్దరూ అబిడ్స్ వెళ్లారు. ఫుట్‌పాత్ మీద పాత జావా పుస్తకం దొరికింది. అందులో బొమ్మ చూసి మెకానిక్ పాతరకం సైలెన్సర్లు బిగించాడు.

రంగు గీకేటప్పుడు తల్లి పక్కనే నిలబడింది.

"ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు చెరపకు నాయనా!"

వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది. ఆర్.సి.తో సరిపోయింది.